దీర్ఘ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల నిర్మాణం – కణ విధుల్లో దాని పాత్ర: మొక్కల నుంచి లభించిన ఆధారాలు

సారాంశం

ప్రోటీన్ తయారీకి సంకేతం కాని, 200 న్యూక్లియోటైడ్లకు మించిన పొడవు గల ఆర్‌ఎన్‌ఏలను దీర్ఘ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలుగా వ్యవహరిస్తారు. వీటి క్షారాల వరుస ఒక జాతి నుంచి మరొక జాతికి త్వరగా మారిపోతుంది. అయినా అనేక సందర్భాల్లో వాటి విధి నిలిచి ఉంటుంది. ఇందుకు ప్రధాన కారణం, విధికి అవసరమైనది మొత్తం వరుస కాక, అందులోని కొన్ని చిన్న నిర్మాణ భాగాలే కావడం. భాస్వర పోషణ, మొలక దశలో కాంతికి స్పందన, పూత కాలం, పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలు, వరిలో పురుష వంధ్యత్వం అనే అంశాల్లో లభించిన ఆధారాల సహాయంతో ఈ వ్యాసంలో నిర్మాణానికి, విధికి గల సంబంధాన్ని వివరించడమైనది. నిర్మాణమే కారణమని చెప్పే ముందు జరపవలసిన పరీక్షలను, సస్య పరిశోధనలో ఈ అవగాహన ఉపయోగపడే తీరును కూడా చర్చించడమైనది.

ముఖ్య పదాలు: దీర్ఘ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ, ద్వితీయ నిర్మాణం, స్టెమ్-లూప్, మైక్రో ఆర్‌ఎన్‌ఏ, వరి, పురుష వంధ్యత్వం

ఉపోద్ఘాతం

డీఎన్‌ఏలోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా అనులేఖనం చెంది, ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్‌గా అనువాదం చెందుతుందన్నది జీవశాస్త్ర పాఠాల్లో మొదటి సూత్రం. అయితే కణంలో అనులేఖనం చెందే ఆర్‌ఎన్‌ఏలన్నీ ప్రోటీన్‌కు దారితీయవు. రైబోజోముల్లోని ఆర్‌ఎన్‌ఏ, టి-ఆర్‌ఎన్‌ఏ ఈ కోవకు చెందినవని చాలా కాలంగా తెలుసు. జీనోమ్ స్థాయిలో అనులేఖనాన్ని పరిశీలించే సాధనాలు వచ్చిన తరువాత మరొక పెద్ద వర్గం వెలుగులోకి వచ్చింది. అదే దీర్ఘ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల వర్గం. ఇకపై ఈ వ్యాసంలో వీటిని క్లుప్తంగా దీర్ఘ ఆర్‌ఎన్‌ఏలు అని పేర్కొనడం జరుగుతుంది.

200 న్యూక్లియోటైడ్ల హద్దు సౌలభ్యం కోసం పెట్టుకున్నదే తప్ప ప్రకృతి గీసిన గీత కాదు. ఈ రంగంలోని శాస్త్రవేత్తలు 2023లో ప్రకటించిన ఏకాభిప్రాయ పత్రంలో ఆ హద్దును 500కు పెంచడం మేలని సూచించారు. వీటిలో ఎక్కువ భాగాన్ని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 తయారు చేస్తుంది. మొక్కల్లో అదనంగా పాలిమరేజ్-4, పాలిమరేజ్-5 అనే రెండు ఎంజైములు కూడా నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలను తయారు చేస్తాయి. జంతువుల్లో ఈ రెండూ ఉండవు.

ప్రోటీన్ జన్యువుల్లో వరుసకు, విధికి గల సంబంధం సులభంగా తెలుస్తుంది. మూడు క్షారాలు ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి కనుక, ఏ మార్పు హానికరమో కొంతవరకు ముందే అంచనా వేయవచ్చు. దీర్ఘ ఆర్‌ఎన్‌ఏలకు అలాంటి సంకేత పట్టిక లేదు. వాటి విషయంలో ఒక క్షారం మారితే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆ అణువు మడతలోనూ, అది దేనితో జత కడుతుందన్న విషయంలోనూ ఉంటుంది. ఒకే ఒక్క క్షారం మార్పుతో వరి మొక్క పురుష వంధ్యంగా మారిన ఉదంతం దీనికి నిదర్శనం.

ఆర్‌ఎన్‌ఏ మడతలోని మౌలికాంశాలు

ఆర్‌ఎన్‌ఏ ఒంటిపోగు అణువు. ఆ పోగు తనమీద తానే వంగి, అనుకూలమైన క్షారాలు ఎదురైన చోట జతలు కడుతుంది. గ్వానిన్–సైటోసిన్ జతలో మూడు హైడ్రోజన్ బంధాలు, అడెనిన్–యురాసిల్ జతలో రెండు హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. వీటికి తోడు గ్వానిన్–యురాసిల్ జత కూడా ఆర్‌ఎన్‌ఏలో సాధారణం. అందువల్ల ఒకే వరుసకు అనేక మడతలు సాధ్యమవుతాయి.

నిర్మాణాన్ని మూడు స్థాయిల్లో వర్ణిస్తారు. క్షారాల వరుస ప్రాథమిక నిర్మాణం. జతకట్టిన, జతకట్టని భాగాల అమరిక ద్వితీయ నిర్మాణం. ఆ భాగాలు త్రిపరిమాణంలో ఒకదానిపై మరొకటి ఒదిగే తీరు తృతీయ నిర్మాణం. ద్వితీయ నిర్మాణంలో తరచుగా కనిపించే రూపం స్టెమ్-లూప్. ఇందులో జతకట్టిన భాగం కాడలా, దాని కొనన జతకట్టని భాగం ఉచ్చులా ఉంటాయి. కాడ మధ్యలో ఒక వైపు మాత్రమే కొన్ని క్షారాలు జత లేకుండా మిగిలిపోతే అక్కడ ఉబ్బు ఏర్పడుతుంది. మూడు, అంతకు మించిన కాడలు ఒకచోట కలిస్తే అది కూడలి అవుతుంది. జతలేని ఉచ్చులు, ఉబ్బులు సాధారణంగా ప్రోటీన్లకు, ఇతర ఆర్‌ఎన్‌ఏలకు పట్టు దొరికే చోట్లు.

ఈ మడతలు ప్రోటీన్ల మడతలంత స్థిరమైనవి కావు. ఉష్ణోగ్రత, మెగ్నీషియం అయాన్ల గాఢత, కణంలోని ప్రోటీన్లు వాటిని మారుస్తాయి. ఒకే అణువు ఒకే సమయంలో కణంలో పలు రూపాల్లో ఉండవచ్చు. కనుక దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ నిర్మాణాన్ని ఒక స్థిర చిత్రంగా కాక, వేర్వేరు నిష్పత్తుల్లో ఉన్న రూపాల సముదాయంగా భావించడం సరైనది.

నిర్మాణాన్ని తెలుసుకునే పద్ధతులు

మొదటి మార్గం గణన. జతల నుంచి వచ్చే శక్తిని లెక్కగట్టి, అతి తక్కువ శక్తి గల మడతను కంప్యూటర్ ప్రోగ్రాములు సూచిస్తాయి. అయితే n న్యూక్లియోటైడ్ల అణువుకు సాధ్యమయ్యే ద్వితీయ నిర్మాణాల సంఖ్య సుమారు 1.8కి nవ ఘాతం చొప్పున పెరుగుతుంది. 200 న్యూక్లియోటైడ్ల అణువుకే ఈ సంఖ్య 1 పక్కన 50 సున్నాలను దాటుతుంది. పొడవు పెరిగే కొద్దీ అంచనాలో పొరపాటు పెరగడానికి ఇది ఒక కారణం. ఏ వరుసను ఇచ్చినా ప్రోగ్రాము ఏదో ఒక మడతను చూపుతుందన్న విషయాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఆ చిత్రం ప్రతిపాదన మాత్రమే, ఆధారం కాదు.

రెండవ మార్గం రసాయన పరీక్ష. డైమిథైల్ సల్ఫేట్ జతలేని అడెనిన్, సైటోసిన్ క్షారాలకు మిథైల్ సమూహాన్ని చేరుస్తుంది. షేప్ అనే పద్ధతిలో వాడే రసాయనాలు, కదలిక స్వేచ్ఛ గల న్యూక్లియోటైడ్ల చక్కెర భాగంతో చర్య జరుపుతాయి. తరువాత రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఎంజైముతో డీఎన్‌ఏ నకలు తీసినప్పుడు, రసాయనం అంటిన చోట ఎంజైము ఆగిపోతుంది లేదా తప్పు క్షారాన్ని చేరుస్తుంది. ఆ గుర్తులను బట్టి జతకట్టిన, జతకట్టని భాగాలను వేరు చేస్తారు. 2014లో అరబిడాప్సిస్ మొలకల్లో సజీవ కణస్థితిలోనే వేలాది ఆర్‌ఎన్‌ఏల నిర్మాణాన్ని ఈ సూత్రంతో ఒకేసారి కొలిచారు. స్ట్రక్చర్-సీక్ అనే ఈ పద్ధతి మొక్కల ఆర్‌ఎన్‌ఏ అధ్యయనంలో ఒక మలుపు.

మూడవ మార్గం పరిణామ సాక్ష్యం. ఒక జాతిలో గ్వానిన్–సైటోసిన్ జత ఉన్న చోట మరొక జాతిలో అడెనిన్–యురాసిల్ జత ఉన్నదనుకుంటే, రెండు క్షారాలూ మారినా జత నిలిచినట్లే. ఇటువంటి జంట మార్పులు అనుకోకుండా జరిగే దానికంటే ఎక్కువగా కనిపిస్తే, ఆ కాడను ప్రకృతి ఎంపిక కాపాడుతున్నదని భావించవచ్చు.

నిర్మాణం విధిని నిర్ణయించే తీరు

1. మూడు క్షారాల ఉబ్బు: భాస్వర పోషణలో ఐపిఎస్1

మొక్కకు భాస్వరం కొరవడినప్పుడు మైక్రో ఆర్‌ఎన్‌ఏ-399 పరిమాణం పెరుగుతుంది. ఇది పిహెచ్‌ఓ2 జన్యువు నుంచి వచ్చే సందేశ ఆర్‌ఎన్‌ఏతో జతకట్టి దాన్ని తెగ్గొట్టిస్తుంది. పిహెచ్‌ఓ2 ప్రోటీన్ ఫాస్ఫేట్‌ను రవాణా చేసే ప్రోటీన్ల విచ్ఛిత్తికి కారణమవుతుంది. కాబట్టి అది తగ్గినప్పుడు వేర్లు ఫాస్ఫేట్‌ను ఎక్కువగా గ్రహించి, కాండానికి, ఆకులకు ఎక్కువగా పంపుతాయి. ఈ స్పందన హద్దు మీరకుండా అదుపు చేసేది ఐపిఎస్1 అనే దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ. ఇది కూడా భాస్వర లోపంలోనే అధికంగా తయారవుతుంది.

ఐపిఎస్1లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-399కు అనుకూలమైన 23 న్యూక్లియోటైడ్ల భాగం ఉంది. సాధారణంగా మైక్రో ఆర్‌ఎన్‌ఏ జతకట్టిన చోట, దాని 10, 11 స్థానాలకు ఎదురుగా కోత పడుతుంది. ఐపిఎస్1లో సరిగ్గా ఆ చోటనే మూడు అదనపు క్షారాలు జతలేకుండా ఉబ్బుగా నిలుస్తాయి. అందువల్ల మైక్రో ఆర్‌ఎన్‌ఏ జతకడుతుంది గాని కోయలేదు. కోత జరగని ఐపిఎస్1 దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ మేరకు పిహెచ్‌ఓ2 సందేశం కోత నుంచి తప్పించుకుంటుంది. 2007లో స్పెయిన్, జర్మనీ శాస్త్రవేత్తలు దీన్ని నిరూపించి, లక్ష్య అనుకరణ అని పేరుపెట్టారు. ఉబ్బును తొలగించి జతను సంపూర్ణం చేసినప్పుడు ఐపిఎస్1 కోతకు గురై తన అదుపు శక్తిని కోల్పోయింది. నిర్మాణానికి, విధికి గల సంబంధాన్ని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు తక్కువ.

టమాటలోని టిపిఎస్ఐ1, మెడికాగోలోని ఎంటి4 ఐపిఎస్1 కుటుంబానికే చెందినవి. వరిలోనూ ఈ కుటుంబపు ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. ఈ అణువుల మిగిలిన వరుసలు ఒకదానికొకటి పెద్దగా పోలవు. ఆ చిన్న భాగం మాత్రం అన్నింటిలో నిలిచి ఉంది. వరుస అంతా మారినా విధి ఎలా మిగులుతుందన్న ప్రశ్నకు ఇది స్పష్టమైన సమాధానం.

2. నాలుగు స్టెమ్-లూప్‌లలో రెండు: కాంతి స్పందనలో హెచ్‌ఐడి1

అరబిడాప్సిస్‌లోని హెచ్‌ఐడి1 కేవలం 236 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ. ఎరుపు కాంతిలో మొలక కాండం అతిగా సాగకుండా ఇది అడ్డుకుంటుంది. కేంద్రకంలో ప్రోటీన్లతో కలసి పెద్ద సముదాయంగా ఏర్పడి, పిఐఎఫ్3 జన్యువు మొదటి ఇంట్రాన్ వద్ద క్రొమాటిన్‌ను చేరుతుంది. అక్కడ ఆ జన్యువు అనులేఖనాన్ని తగ్గిస్తుంది. ఈ అణువులో నాలుగు ప్రధాన స్టెమ్-లూప్‌లు ఉండగా, వాటిలో రెండు మాత్రమే విధికి కీలకమని ప్రయోగాల్లో తేలింది. హెచ్‌ఐడి1 లోపించిన అరబిడాప్సిస్‌లో వరికి చెందిన ప్రతిరూపాన్ని ప్రవేశపెట్టినప్పుడు మొలక తిరిగి సాధారణంగా పెరిగింది. ద్విదళ, ఏకదళ బీజ మొక్కలు విడిపోయి ఎంతో కాలమైనా ఈ ఆర్‌ఎన్‌ఏ పనిచేసే రూపం చెడలేదన్నమాట.

3. చలికి మారే మడత: పూత కాలంలో కూల్‌ఎయిర్

శీతల దేశాల అరబిడాప్సిస్ రకాలు చలికాలం గడిచిన తరువాతనే పూతకు వస్తాయి. ఎఫ్‌ఎల్‌సి అనే జన్యువు పూతను ఆపి ఉంచుతుంది. వారాల తరబడి చలి సోకిన తరువాత ఆ జన్యువు అణిగిపోతుంది. ఎఫ్‌ఎల్‌సి జన్యువుకు ఎదురు పోగు నుంచి అనులేఖనం చెందే దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ కూల్‌ఎయిర్. ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో జాన్ ఇన్నెస్ సెంటర్‌కు చెందిన కారొలైన్ డీన్ బృందం 2009లో దీన్ని వెల్లడించింది. చలి మొదలైన తొలి దశలోనే కూల్‌ఎయిర్ పెరిగి, ఎఫ్‌ఎల్‌సి అణచివేతకు తోడ్పడుతుంది.

కూల్‌ఎయిర్‌కు సుమారు 400 న్యూక్లియోటైడ్ల పొట్టి రూపం, సుమారు 750 న్యూక్లియోటైడ్ల పొడవు రూపం ఉన్నాయి. రసాయన పరీక్షలతో 2016లో గుర్తించిన పొడవు రూపపు నిర్మాణంలో పలు కాడలు కలిసే కూడళ్లు కనిపించాయి. ఆవ కుటుంబంలోని ఇతర జాతుల్లో వరుస గణనీయంగా మారినా ఈ నిర్మాణపు ముఖ్యాంశాలు నిలిచే ఉన్నాయి. స్వీడన్‌కు చెందిన వార్2-6 అనే సహజ రకంలో ఒక్క క్షారం తేడా వల్ల కూల్‌ఎయిర్ పొడవు రూపం అతుకు పడే చోటు మారింది. దాంతో ఆర్‌ఎన్‌ఏ నిర్మాణం మారి, ఎఫ్‌ఎల్‌సి స్థాయి పెరిగింది.

2022లో అదే సంస్థలో డీన్, యిలియాంగ్ డింగ్ బృందాలు ఒక్కొక్క ఆర్‌ఎన్‌ఏ అణువు నిర్మాణాన్ని విడివిడిగా చదివే పద్ధతిని రూపొందించాయి. అంతకు ముందరి పద్ధతులు లక్షల అణువుల సగటును మాత్రమే ఇచ్చేవి. కొత్త పద్ధతిలో, సజీవ కణంలో కూల్‌ఎయిర్ ఒకే రూపంలో లేదని, పలు రూపాల్లో ఉన్నదని, చలిలో ఆ రూపాల నిష్పత్తి మారుతున్నదని స్పష్టమైంది. మారే ఆ భాగంలో ఉత్పరివర్తనాలు కలిగించినప్పుడు ఎఫ్‌ఎల్‌సి స్థాయి, పూత కాలం రెండూ మారాయి. వాతావరణానికి మొక్క ఇచ్చే స్పందనలో ఆర్‌ఎన్‌ఏ మడత కూడా ఒక భాగం కాగలదనడానికి ఇది బలమైన సాక్ష్యం.

4. ప్రోటీన్‌ను తరలించే ఆర్‌ఎన్‌ఏ: వేరు బుడిపెల్లో ఈనాడ్40

పప్పుజాతి మొక్కల వేళ్లపై రైజోబియం బాక్టీరియాతో బుడిపెలు ఏర్పడే తొలి దశలో ఈనాడ్40 అనే ఆర్‌ఎన్‌ఏ అధికంగా కనిపిస్తుంది. సోయాచిక్కుడులో దీని ద్వితీయ నిర్మాణాన్ని పరిశీలించినప్పుడు, ఇతర పప్పుజాతి మొక్కల్లోనూ నిలిచి ఉన్న కొన్ని కాడలు బయటపడ్డాయి. మెడికాగోలో ఈ ఆర్‌ఎన్‌ఏ, కేంద్రకంలో ఉండే ఆర్‌బిపి1 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఈనాడ్40 ఉన్న కణాల్లో ఆ ప్రోటీన్ కేంద్రకం నుంచి కణద్రవ్యంలోకి చేరుతుంది.

అయితే ఈనాడ్40ను పూర్తిగా నాన్‌కోడింగ్ అనడం కుదరదు. సోయాచిక్కుడులో ఇది 12, 24 అమైనో ఆమ్లాల రెండు చిన్న పెప్టైడ్లకు సంకేతంగా పనిచేస్తుంది. అవి చక్కెర వినియోగానికి అవసరమైన సుక్రోజ్ సింథేజ్ ఎంజైమును పట్టుకుంటాయి. ఒకే అణువు నిర్మాణం ద్వారా ఒక పనిని, పెప్టైడ్ ద్వారా మరొక పనిని చేయగలదు. కోడింగ్, నాన్‌కోడింగ్ విభజన ఎంత పలుచనిదో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

5. డీఎన్‌ఏతో జత, తోకను దాచే ముప్పేట

ఆర్‌ఎన్‌ఏ తనలో తాను మడతపడడమే కాక, డీఎన్‌ఏలోని ఒక పోగుతో జతకట్టి రెండవ పోగును పక్కకు నెట్టగలదు. దీన్ని ఆర్-లూప్ అంటారు. అరబిడాప్సిస్‌లో పక్కవేళ్ల పెరుగుదలతో సంబంధం గల అపోలో అనే దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ ఈ విధంగా తన పొరుగు జన్యువునే కాక, జీనోమ్‌లో దూరంగా ఉన్న ఆక్సిన్ స్పందన జన్యువులను కూడా గుర్తిస్తుంది. చిన్న వరుసల అనుకూలత చాలు. ఇక్కడ లోపలి మడత కంటే బయటి జత ప్రధానం. నిర్మాణం అన్న మాటను విస్తృతార్థంలో తీసుకోవాలనడానికి ఇది ఉదాహరణ.

ఆర్‌ఎన్‌ఏ ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా నిర్మాణంపై ఆధారపడుతుంది. మానవ కణాల్లోని మాలాట్1 ఆర్‌ఎన్‌ఏకు సాధారణ అడెనిన్ తోక ఉండదు. దాని కొనన ఉన్న అడెనిన్ల వరుసను రెండు యురాసిల్ వరుసలు ఇరువైపులా చుట్టుకొని ముప్పేటగా ఏర్పడతాయి. దీనివల్ల కొన నుంచి అణువును తినివేసే ఎంజైములకు పట్టు దొరకదు. ఇదే తరహా ముప్పేటలు మొక్కల ట్రాన్స్‌పోజాన్ ఆర్‌ఎన్‌ఏల్లోనూ ఉన్నాయి. వరిలోని ఒక ట్రాన్స్‌పోజాన్ ఆర్‌ఎన్‌ఏ, తన అడెనిన్ తోక కొనను ఒక గూటిలో దాచుకునే తీరును 2021లో స్ఫటిక నిర్మాణంగా చూపారు.

వరిలో పురుష వంధ్యత్వం: ఒక క్షారం, రెండు వివరణలు

పై ఉదాహరణల్లో నిర్మాణం పాత్ర చాలావరకు స్పష్టం. అన్ని సందర్భాల్లో అలా ఉండదనడానికి, సస్య శాస్త్రజ్ఞులకు అత్యంత ఆసక్తికరమైన వరి ఉదంతమే నిదర్శనం.

1973లో చైనాలోని హుబెయ్ రాష్ట్రంలో షి మింగ్‌సాంగ్ అనే పరిశోధకుడు నాంగ్‌కెన్ 58 అనే జపోనికా వరి రకంలో ఒక వింత మొక్కను గుర్తించారు. పగటి నిడివి ఎక్కువైన రోజుల్లో అది పురుష వంధ్యంగా, పగటి నిడివి తగ్గినప్పుడు ఫలవంతంగా ఉండేది. దాని నుంచి వచ్చిన నాంగ్‌కెన్ 58ఎస్ రెండు వరుసల హైబ్రిడ్ వరికి పునాది అయింది. మూడు వరుసల పద్ధతిలో వంధ్య వరుసను నిలుపుకోవడానికి ప్రత్యేక పోషక వరుస కావాలి. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి చేసే రైతులకు ఈ మూడు వరుసలు పరిచితమే. రెండు వరుసల పద్ధతిలో పోషక వరుస అవసరం లేదు. ఒకే మొక్కను ఒక కాలంలో వంధ్యంగా సంకరణకు, మరొక కాలంలో ఫలవంతంగా స్వీయ విత్తనానికి వాడుకోవచ్చు.

2012లో ఈ లక్షణానికి మూలమైన జన్యుస్థానాన్ని రెండు బృందాలు వేర్వేరుగా వెల్లడించాయి. రెండూ చేరుకున్నది ఒకే మార్పుకు: సైటోసిన్ స్థానంలో గ్వానిన్. కానీ ఆ మార్పు పనిచేసే తీరుపై రెండు వివరణలు వచ్చాయి.

వుహాన్‌లోని హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ బృందం ప్రకారం, ఆ క్షారం ఎల్‌డిమార్ అనే 1,236 న్యూక్లియోటైడ్ల దీర్ఘ ఆర్‌ఎన్‌ఏలో ఉంది. దీర్ఘ పగటి కాలంలో పుప్పొడి సక్రమంగా ఏర్పడడానికి ఎల్‌డిమార్ తగినంత ఉండాలి. క్షారం మారడం వల్ల ఆర్‌ఎన్‌ఏ ద్వితీయ నిర్మాణం మారుతుందని గణన సూచించింది. ఆ మార్పుతో పాటు ఎల్‌డిమార్ ప్రమోటర్‌లో మిథైలేషన్ పెరిగి, దీర్ఘ పగటి కాలంలో దాని ఉత్పత్తి తగ్గింది. పరాగకోశాల్లో కణాలు ముందుగానే నశించి పుప్పొడి వంధ్యమైంది. ఎల్‌డిమార్ ఉత్పత్తిని పెంచినప్పుడు దీర్ఘ పగటి కాలంలోనూ పుప్పొడి ఫలవంతమైంది.

రెండవ బృందం నాంగ్‌కెన్ 58ఎస్‌తో పాటు, ఉష్ణోగ్రతకు స్పందించే పెయ్‌ఆయ్ 64ఎస్ అనే ఇండికా వంధ్య వరుసను కూడా పరిశీలించింది. రెండింటిలోనూ అదే క్షార మార్పు ఉంది. సాధారణ వరి నుంచి తీసుకున్న 375 క్షార జతల భాగం మాత్రమే రెండు రకాల్లోనూ ఫలత్వాన్ని తిరిగి తెచ్చింది. ఆ భాగం నుంచి వచ్చే 21 న్యూక్లియోటైడ్ల చిన్న ఆర్‌ఎన్‌ఏ అసలు పనిచేసే అణువని, క్షార మార్పు దాన్నే చెడగొట్టిందని ఈ బృందం వాదించింది.

మొదటి వివరణలో దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ తన మొత్తం రూపంతో పనిచేస్తుంది. రెండవ వివరణలో దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ చిన్న ఆర్‌ఎన్‌ఏకు ముడి పదార్థం. వరిలోనే మరొక జన్యుస్థానమైన పిఎంఎస్1 విషయంలో, రెండవ తరహా యంత్రాంగానికి అనుకూలమైన ఆధారం 2016లో లభించింది. అక్కడి దీర్ఘ ఆర్‌ఎన్‌ఏను మైక్రో ఆర్‌ఎన్‌ఏ-2118 కోసినప్పుడు 21 న్యూక్లియోటైడ్ల చిన్న ఆర్‌ఎన్‌ఏలు వరుసగా ఏర్పడతాయి. కోత చోటుకు సమీపంలోని ఒక క్షారం తేడా వల్ల దీర్ఘ పగటి కాలంలో అవి అధికమై వంధ్యత్వానికి దారితీస్తాయి.

ఈ చర్చ కేవలం సిద్ధాంతపరమైనది కాదు. రెండు వరుసల పద్ధతిలో వంధ్య వరుస ఫలత్వం వాతావరణంపై ఆధారపడి ఉంటుంది. పెయ్‌ఆయ్ 64ఎస్ వంటి వరుసల్లో పుప్పొడి ఏర్పడే సున్నిత దశలో ఉష్ణోగ్రత అనుకోకుండా పడిపోతే పుప్పొడి ఫలవంతమవుతుంది. స్వీయ విత్తనం హైబ్రిడ్ విత్తనంలో కలుస్తుంది. ఆ విత్తనం కొన్న రైతు పొలంలో పైరు ఏకరీతిగా ఉండదు. ఉష్ణోగ్రతకు స్పందించేది దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ మడతా, దాని నుంచి చిన్న ఆర్‌ఎన్‌ఏ తయారయ్యే దశా, లేక తరువాతి దశా అన్నది తెలిస్తేనే, స్థిరమైన వంధ్య వరుసల కోసం ఏ క్షారాన్ని మార్చాలన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

నిర్మాణ వాదనకు జరపవలసిన పరీక్షలు

2017లో ఎలెనా రివాస్, షాన్ ఎడ్డీ తదితరులు ఒక గణాంక పరీక్షను రూపొందించి, అంతవరకు నిర్మాణం నిలిచి ఉందని చెప్పిన హాట్ఎయిర్, ఎస్‌ఆర్‌ఏ, జిస్ట్ అనే జంతు దీర్ఘ ఆర్‌ఎన్‌ఏలకు వర్తింపజేశారు. అనుకోకుండా కనిపించే స్థాయిని మించిన జంట మార్పులు వాటిలో లేవని తేల్చారు. గణనలో వాడిన ప్రమాణాలను మారిస్తే కొన్ని చోట్ల మద్దతు కనిపిస్తుందని ఇతర పరిశోధకులు తరువాత సమాధానమిచ్చారు. నిర్మాణం ఉండడం వేరు, అది విధికి అవసరమై ఉండడం వేరు అన్న పాఠం ఈ వివాదం నుంచి గ్రహించవలసినది.

అందువల్ల ఒక దీర్ఘ ఆర్‌ఎన్‌ఏ విధికి దాని నిర్మాణమే కారణమని చెప్పడానికి ముందు ఈ నాలుగు దశలు అవసరం.

మొదటిది, సజీవ కణస్థితిలో రసాయన పరీక్షతో ఆ మడతను చూపడం.

రెండవది, కాడలో ఒక వైపు క్షారాలను మార్చి జతను విరగగొట్టినప్పుడు విధి తగ్గడాన్ని చూపడం.

మూడవది, రెండవ వైపు క్షారాలను కూడా అనుకూలంగా మార్చి, కొత్త వరుసతో పాత జతను పునరుద్ధరించడం. దీన్ని పరిహార ఉత్పరివర్తనం అంటారు. విధి తిరిగి వస్తే ముఖ్యమైనది ఆకారమని తేలుతుంది. రాకపోతే ఆ చోట వరుసే ముఖ్యమని అనుమానించాలి.

నాలుగవది, ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి చిన్న ఆర్‌ఎన్‌ఏగాని, పెప్టైడ్‌గాని వెలువడడం లేదని నిర్ధారించుకోవడం. ఎల్‌డిమార్, ఈనాడ్40 ఉదంతాలు ఈ దశ ఎందుకు అవసరమో తెలుపుతాయి.

సస్య పరిశోధనకు, విస్తరణకు అన్వయం

లక్ష్య అనుకరణ సూత్రం ఇప్పటికే సాధనంగా మారింది. ఐపిఎస్1లోని ఉబ్బును అనుకరించే రెండు చిన్న భాగాలను ఒక వంతెన వరుసతో కలిపి మొక్కలో ప్రవేశపెడితే, ఎంచుకున్న మైక్రో ఆర్‌ఎన్‌ఏ పనిని అణచవచ్చు. 2012లో ప్రకటించిన ఈ పద్ధతిని వరితో సహా పలు పంటల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్రను తెలుసుకోవడానికి వాడుతున్నారు. ఒకే మైక్రో ఆర్‌ఎన్‌ఏకు పలు జన్యు ప్రతులు ఉన్నప్పుడు వాటన్నింటినీ విడివిడిగా తొలగించే శ్రమ దీనితో తప్పుతుంది.

జన్యు సవరణలో కూడా ఈ అవగాహన అవసరం. ప్రోటీన్ జన్యువులో ఒకటి, రెండు క్షారాలను తొలగిస్తే చదివే చట్రం చెదరి జన్యువు నిష్ఫలమవుతుంది. దీర్ఘ ఆర్‌ఎన్‌ఏకు చదివే చట్రం లేదు. కనుక అలాంటి చిన్న కోత వల్ల దాని విధి ఏమాత్రం చెడకపోవచ్చు. ప్రమోటర్‌ను గాని, విధికి కీలకమైన స్టెమ్-లూప్‌ను గాని గురిపెట్టాలి. అందుకు నిర్మాణం ముందే తెలిసి ఉండాలి. జన్యువుకు ఎదురు పోగులో ఉండే ఆర్‌ఎన్‌ఏల విషయంలో, కోత వల్ల అసలు జన్యువు కూడా దెబ్బతినే ప్రమాదాన్ని గమనించాలి.

మార్కర్ల ఆధారంగా ప్రజననం చేసేవారు సాధారణంగా ప్రోటీన్‌ను మార్చే క్షార భేదాలకు ప్రాధాన్యం ఇస్తారు. వార్2-6లోనూ, నాంగ్‌కెన్ 58ఎస్‌లోనూ లక్షణాన్ని మార్చినది ప్రోటీన్ సంకేతం లేని చోట ఉన్న ఒక్క క్షారం. కాబట్టి ఒక లక్షణానికి సంబంధించిన ప్రాంతంలో ప్రోటీన్ భేదం కనిపించనప్పుడు, అక్కడి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలను, వాటి మడతలపై క్షార భేదాల ప్రభావాన్ని పరిశీలించాలి. అలాగే పైరు నుంచి ఆర్‌ఎన్‌ఏ నమూనా సేకరించినప్పుడు కణజాలం, పైరు దశ, సమయం, ఉష్ణోగ్రతలను నమోదు చేయడం ముఖ్యం. వరి మొలకలను 42 డిగ్రీల సెల్సియస్ వేడికి కొద్ది నిమిషాలు గురిచేసినంతలోనే వాటి ఆర్‌ఎన్‌ఏల మడతలు విస్తృతంగా సడలినట్లు 2018లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ అంశాన్ని రైతులకు నేరుగా వివరించవలసిన అవసరం అంతగా ఉండకపోవచ్చు. కానీ వాతావరణంపై ఆధారపడిన వంధ్య వరుసలతో విత్తనోత్పత్తి చేపట్టే చోట, విత్తే తేదీ ఎంపిక, కంకి ఏర్పడే దశలో కనిష్ఠ ఉష్ణోగ్రతల నమోదు, పుప్పొడి పరీక్ష ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఈ నేపథ్యం ఉపకరిస్తుంది. మొక్క వంధ్యత్వం స్థిర గుణం కాదని, పరిసరాలను బట్టి మారే గుణమని వివరించగలిగితే, జాగ్రత్తలు ఎందుకో రైతుకు అర్థమవుతాయి.

ముగింపు

దీర్ఘ ఆర్‌ఎన్‌ఏల్లో విధిని మోసేది మొత్తం వరుస కాదు, అందులోని చిన్న నిర్మాణ భాగాలు. ఐపిఎస్1లో మూడు క్షారాల ఉబ్బు, హెచ్‌ఐడి1లో రెండు స్టెమ్-లూప్‌లు, కూల్‌ఎయిర్‌లో చలికి మారే భాగం ఇందుకు నిదర్శనాలు. వరుస పోలిక లేనంత మాత్రాన విధి పోలిక లేదని నిర్ణయించరాదు. అదే విధంగా కంప్యూటర్ చూపిన మడత ఆధారంగానే విధిని నిర్ణయించరాదు. ఎల్‌డిమార్ విషయంలో ఒకే క్షార మార్పుకు రెండు వివరణలు నిలిచి ఉండడం ఈ జాగ్రత్త ఎంత అవసరమో తెలుపుతుంది. సజీవ కణాల్లో నిర్మాణాన్ని కొలిచే పద్ధతులు, పరిహార ఉత్పరివర్తనాలు, జన్యు సవరణ అనే మూడు సాధనాలు నేడు అందుబాటులో ఉన్నాయి. వీటిని వరి, పప్పుధాన్యాలు, ఆవ వంటి పంటల్లో వేడి, చలి, పగటి నిడివి మారే పరిస్థితుల్లో కలిపి వినియోగించినప్పుడే, ప్రోటీన్ జన్యువుల బయట దాగి ఉన్న ఉపయోగకరమైన వైవిధ్యం ప్రజననకారులకు అందుతుంది.